గిట్టలో చీము, నోటికో వైద్యం

నిన్న సాయంత్రం దాకా హుషారుగా తిరిగిన పోనీ తెల్లారేసరికి మూడు కాళ్ల మీద నిలబడి ఉంటుంది. నాలుగో కాలు నేలకు ఆనదు. ఆనినా గిట్ట కొస మాత్రమే తాకుతుంది. చూడబోతే ఎక్కడా గాయం లేదు, నెత్తురు లేదు, ఎముక విరిగిన ఛాయలు లేవు. గుర్రాలు ఉన్నట్టుండి ఇంత తీవ్రంగా కుంటడానికి అన్నిటికన్నా తరచుగా కనిపించే కారణం గిట్టలో చీము పట్టడం. సరిగ్గా చూసుకుంటే చాలావరకు వారం పది రోజుల్లో సర్దుకునే బాధే. కానీ సలహా అడగడం మొదలుపెడితే మాత్రం ఏ ఇద్దరూ ఒక మాట చెప్పరు. గిట్ట చెక్కి చీము తీయాల్సిందేనని ఒకరు, చాకు తగలనివ్వొద్దని మరొకరు. వేడినీళ్లలో నానబెట్టమని ఒకరు, చుక్క తడి తగిలినా గిట్ట పాడవుతుందని ఇంకొకరు. యాంటీబయాటిక్ ఇవ్వకపోతే విషమిస్తుందని ఒక డాక్టరు, ఇస్తే చీము లోపలే ఉండిపోతుందని మరో డాక్టరు. నొప్పి మందు మీదా అంతే, నడిపించడం మీదా అంతే.

ఈ సలహాలన్నిటినీ ఒకచోట పెట్టి చూస్తే నాకు తోచింది ఇది. వీటిలో పచ్చి అబద్ధాలు తక్కువ. ఎక్కువ భాగం ఏదో ఒక దశలో, ఏదో ఒక రకం గిట్టకు, ఏదో ఒక వాతావరణంలో పనిచేసిన నిజాలే. నోటి నుంచి నోటికి మారేటప్పుడు ఆ షరతులు రాలిపోయి మందు పేరొక్కటే మిగిలింది. ఎవరు చెప్పింది నిజమని అడిగితే ఎప్పటికీ తేలదు. చీము ఏ దశలో ఉన్నప్పటి మాట ఇది, ఎలాంటి గిట్ట గురించిన మాట అని అడిగితే చాలా తగువులు వాటంతటవే విడిపోతాయి. విడిపోనివీ కొన్ని ఉన్నాయి. వాటి సంగతి తర్వాత.

ముందు గిట్ట లోపల జరిగేదేమిటో చూడాలి. పైకి కనిపించే గట్టి గోడా, అడుగున ఉండే పలకా నెత్తురూ నరాలూ లేని కొమ్ము పదార్థం. చెక్కినా నొప్పి ఉండదు. వాటి వెనక నెత్తురూ నరాలూ నిండిన మెత్తని పొర, దాని వెనక ఎముక. గోడా అడుగుపలకా కలిసే చోట లేత రంగులో ఒక గీత గిట్ట చుట్టూ కనబడుతుంది. దాన్నే వైట్ లైన్ అంటారు. బయటి మురికి లోపలికి ఎక్కడానికి ఎక్కువగా దొరికే సందు అదే. అక్కడ చిన్న పగులు వస్తే ఇసుక రేణువో, పేడ కలిసిన బురదో దూరుతుంది, దాంతోపాటు బాక్టీరియా చేరుతుంది. లాడం మేకు పక్కకు దిగినా, రాయి గుచ్చుకుని అడుగు కమిలినా ఇదే వరస. ఒంట్లో మరెక్కడైనా చీము పడితే చర్మం ఉబ్బి చోటిస్తుంది. ఇక్కడ అటు ఎముక, ఇటు కొమ్ము, ఉబ్బడానికి వీల్లేదు. గోరుచుట్టు లేచి రాత్రంతా జాగారం చేసినవాళ్లకు ఆ సలుపు తెలుసు. అలాంటి వేలి మీదే ఒంటి బరువు మోపి నడవాల్సి రావడమే పోనీ అవస్థ.

ఆ చీము దారి వెతుక్కుంటుంది. గిట్ట అడుగున ఎవరైనా దారి తీస్తే అటు వస్తుంది. తీయకపోతే గోడ లోపలి వైపునుంచి పైకి పాకి, వెంట్రుకలు మొదలయ్యే అంచు దగ్గరో, వెనక మడమ ఉబ్బుల దగ్గరో పగులుతుంది. పగిలిందంటే చాలు, చాలా పోనీలు ఒకటి రెండు రోజుల్లోనే కాలు ఆనించడం మొదలుపెడతాయి. సలహాల గందరగోళానికి మూలం ఇక్కడే ఉంది. ఏమీ చేయకపోయినా చాలా గిట్టల్లో చీము ఎప్పటికో ఒకప్పటికి పగులుతుంది కనుక, దానికి ముందురోజు ఏది పూస్తే దానికే పేరొస్తుంది. మూడు రోజులు తవుడు కట్టి, నాలుగో రోజు వేపనూనె రాసి, ఐదో రోజు పోనీ నడిస్తే ఘనత వేపనూనెది. ఆ యజమాని జీవితాంతం వేపనూనె పేరే చెబుతాడు, నిజాయితీగానే చెబుతాడు. ఈ మందుల్ని ఒకదానితో ఒకటి పోల్చి, తగినన్ని గుర్రాల మీద జాగ్రత్తగా చేసిన పరిశోధనలు చాలా తక్కువ. పాఠ్యపుస్తకాల్లో ఉన్నదాంట్లోనూ పెద్ద భాగం అనుభవజ్ఞుల మాటే. అది తీసిపారేయదగింది కాదు గానీ, అనుభవానికి అనుభవం ఎదురు నిలిచినప్పుడు తీర్పు చెప్పే మూడోవాడు లేడన్నది గుర్తుంచుకోవాలి.

మందు గురించి వాదించే ముందు తేల్చుకోవాల్సింది, అది అసలు చీమేనా అన్నది. ఒక్క కాలే కుంటడం, ఆ గిట్ట మిగతా మూడింటికన్నా వెచ్చగా ఉండటం, కాలి వెనక గిట్టకు పైన రెండు పక్కలా వేలు ఆనిస్తే నాడి కొట్టుకోవడం స్పష్టంగా తెలియడం, పటకారు లాంటి పనిముట్టుతో అంచు చుట్టూ నొక్కుతూ పోతే ఒకే చోట కాలు చటుక్కున లాక్కోవడం చీముకు ఆనవాళ్లు. జ్వరం చాలాసార్లు ఉండదు. ఆరోగ్యంగా ఉన్న పోనీ ఒంటివేడి 37.5 నుంచి 38.5 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉంటుంది. అంతకు మించితే వ్యవహారం గిట్ట దాటిందేమోనని అనుమానించాలి. కొన్నిసార్లు కాలు పైదాకా వాచి, నరం పట్టిందనో బెణికిందనో చెప్పి పైన కాపడం పెట్టిస్తారు. జబ్బు మాత్రం కిందే ఉంటుంది. ఎండాకాలంలో గిట్ట రాయిలా బిగిసిపోతే పటకారు నొక్కుడు లోపలికి చేరదు, పోనీ కదలదు. అలాంటప్పుడు చీము లేదని తేల్చేయడం తొందరపాటు.

పోనీల విషయంలో ఇక్కడ ఒక చిక్కుముడి ఉంది. పోనీ అంటే మూపు దగ్గర సుమారు 58 అంగుళాల ఎత్తు మించని గుర్రం. బీడు నేలల్లో, కొండల్లో, అరకొర మేత మీద బతికిన జాతులు ఎక్కువ. అలాంటి వాటికి పచ్చిక, దాణా పుష్కలంగా దొరికితే రక్తంలో ఇన్సులిన్ పెరిగి లామినైటిస్ అనే జబ్బు వస్తుంది. గిట్ట గోడను ఎముకతో కలిపి పట్టే పొరలు వాచి, పట్టు తప్పడం ఆ జబ్బు. అదీ గిట్ట నొప్పే, అందులోనూ గిట్ట వేడే, నాడి కొట్టుకోవడమే. తేడా ఏమిటంటే ఎక్కువగా ముందుకాళ్లు రెండూ పడతాయి, బరువంతా వెనక్కి వాల్చి, ముందుకాళ్లు చాపి నిలబడుతుంది. ఈ రెండు జబ్బులూ ఒకే పోనీకి కలిసి రావడం కూడా అరుదు కాదు. లామినైటిస్‌తో దెబ్బతిన్న గిట్టలో చచ్చిన పొరల సందున చీము తేలిగ్గా చేరుతుంది. ఎముక కిందికి జారి అడుగుపలక పల్చబడిన అలాంటి గిట్టను ఎవరో చెప్పారని అడుగునుంచి తవ్వితే లోపలి మెత్తని పొర బయటికి పొడుచుకొస్తుంది. నానబెట్టి మెత్తపరిచినా ముప్పే. పెద్ద గుర్రం యజమాని తన అనుభవం చెప్పేటప్పుడు ఆ గిట్టలో లామినైటిస్ లేదన్న సంగతి చెప్పడు. అది ఆయనకు చెప్పాల్సిన విషయంగా తోచదు.

అసలు సలహాల జోలికే పోకూడని సందర్భం మరొకటి ఉంది. గిట్ట అడుగున మధ్యలో ఫ్రాగ్ అనే మెత్తని త్రికోణం ఉంటుంది. అక్కడో దాని పక్క గాడిలోనో మేకు దిగబడి కనిపిస్తే పీకేయమని చుట్టూ ఉన్నవాళ్లంతా అరుస్తారు. పీకకూడదు. దానికి సరిగ్గా పైనే కీలు, కీలుకు చేరువలోని ద్రవపు సంచి, కాలిని వంచే స్నాయువు ఉంటాయి. మేకు అలాగే ఉండగా ఎక్స్‌రే తీస్తే ఎంతవరకు వెళ్లిందో తెలుస్తుంది. పీకాక రంధ్రం మూసుకుపోతుంది, ఎటు వెళ్లిందో ఎవరూ చెప్పలేరు. డాక్టరు వచ్చేలోగా అది ఇంకా లోపలికి దిగకుండా గిట్టకు ఇటూ అటూ చెక్కముక్కలు కట్టి ఎత్తు చేయాలి. తప్పనిసరై తీయాల్సి వస్తే ఎక్కడ, ఎంత లోతు, ఏ వాలులో ఉందో ఫోన్‌తో ఫొటో తీసి పెట్టుకోవాలి. కీలులోకి చీము చేరితే గంటల లెక్కన చికిత్స చేయాలి. తవుడు కట్టి ఎదురుచూస్తే పోనీ దక్కదు.

ఇవన్నీ కావని తేలాక అసలు తగువులోకి రావచ్చు. చెక్కాలా, ఆగాలా?

చీమును బయటికి వదలడమే ప్రధాన చికిత్స అన్న దాంట్లో పశువైద్య గ్రంథాలకు తేడా లేదు. నొక్కి చూసిన చోట ఒక నల్లని చుక్కో గీతో కనిపిస్తే, దాన్ని పట్టుకుని వైట్ లైన్ వెంబడి సన్నగా చెక్కుతూ పోతే, కొంతదూరంలో బూడిదరంగు నల్లని పలచటి ద్రవం కుళ్లు వాసనతో చిమ్ముతుంది. అక్కడితో ఆపాలి. ద్రవం కారేందుకు సరిపడా రంధ్రం చాలు. ఆగాలనే వాళ్ల భయానికి కారణం, ఇక్కడ ఆపకుండా పోయిన చేతులను వాళ్లు చూసి ఉండటమే. చీము దొరకలేదని గిట్ట అడుగు సగం తవ్వేసిన కేసుల్లో, అసలు చీము మానిన తర్వాత కూడా ఆ తవ్విన గుంట నిండేందుకు వారాలు పడుతుంది. నెత్తురు కనిపించిందంటే హద్దు దాటినట్టే.

కాబట్టి రెండు పక్షాలూ చెప్పేది వేర్వేరు గిట్టల గురించి. జాడ కనిపించి, నిపుణుడి చేతిలో కొద్దిపాటి చెక్కుడుతో చీము అందితే ఆగడం పోనీని ఊరకే బాధపెట్టడమే. జాడ కనిపించకపోతే, పోటు ఎక్కడో తేలకపోతే, ఊహమీద తవ్వడం కన్నా ఒకటి రెండు రోజులు పట్టు వేసి మెత్తబరిచి మళ్లీ వెతకడం మేలు. ఆ ఒకటి రెండు రోజుల మాటే కాలక్రమంలో సాగి, ఎన్నాళ్లయినా ఆగమనే సలహా అయి కూర్చుంది. మూడు రోజులు దాటినా కాలు ఆనించకపోతే ఎక్స్‌రే తీయించాలి. గిట్ట ఎముకలో సన్నని చీలిక కూడా బయటికి అచ్చం చీము పట్టినట్టే కనిపిస్తుంది.

ఎవరు చెక్కాలన్నది మరో గొడవ. బ్రిటన్‌లో దీనికి చట్టపు గీత ఉంది. 1975 నాటి చట్టం ప్రకారం నమోదైనవాళ్లే లాడాలు వేయాలి, 1966 నాటి పశువైద్యుల చట్టం ప్రకారం ప్రాణమున్న పొరకు కత్తి తగిలే పని డాక్టరుది. కొమ్ము వరకు లాడాలవాడు, లోపల డాక్టరు. మన దగ్గర 1984 నాటి పశువైద్య మండలి చట్టం డాక్టర్ల సంగతి చూస్తుంది. హైదరాబాద్‌లో గుర్రాలున్నవాళ్లు నాల్‌బంద్ అని పిలిచే మనిషి మాత్రం తండ్రి దగ్గరో మామ దగ్గరో పని నేర్చుకున్నవాడే. నిజం చెప్పాలంటే, రోజూ పది గిట్టలు చేత్తో పట్టే మంచి నాల్‌బంద్‌కు, గేదెలూ మేకలూ ఎక్కువగా చూసే డాక్టరు కన్నా గిట్ట మందం అంచనా బాగా తెలుస్తుంది. నొప్పి మందు, టీకా, ఎక్స్‌రే, అది చీము కాకపోవచ్చన్న అనుమానం డాక్టరు వైపు. వాళ్లిద్దరినీ ఒకే పూట గిట్ట దగ్గర నిలబెట్టగలిగితే సగం గొడవ తీరిపోతుంది. వేర్వేరు రోజుల్లో విడివిడిగా పిలిచి, ఒకరి మాట ఇంకొకరికి చేరవేస్తే పెరుగుతుంది. యజమానులు ఎక్కువగా చేసేది రెండోదే.

తడి పొడి తగువు అన్నిటికన్నా పాతది, అన్నిటికన్నా అర్థం లేనిదీ. ఎప్సం సాల్ట్ కలిపిన గోరువెచ్చని నీళ్లలో గిట్ట ముంచడం, గోధుమ పొట్టు ఉడికించి కట్టడం, అవిసె గింజల ముద్ద, మన ఆసుపత్రుల్లో అలవాటైన మాగ్‌సల్ఫ్-గ్లిజరిన్ ముద్ద, ఇక్తమాల్ అనే నల్లటి లేపనం, బ్రిటన్ గుర్రపుశాలల్లో ఎప్పుడూ నిల్వ ఉండే ఆనిమలింటెక్స్ అనే బోరిక్ ఆమ్లపు దూదిపట్టు, అన్నీ తడి వర్గం. ఇవి చీమును లాగుతాయని చెబుతారు. బండబారిన కొమ్ము అవతల ఉన్న చీమును ఉప్పు లాగడమన్నది ఎంతవరకు జరుగుతుందో అనుమానమే. తేమా వెచ్చదనమూ కొమ్మును మెత్తబరుస్తాయన్నది మాత్రం ఖాయం. మెత్తబడిన కొమ్మును చాకు సులువుగా చెక్కుతుంది, చీము కూడా సులువుగా చీల్చుకుంటుంది. కట్టు గుణం అక్కడుంది. డబ్బా మీది పేరులో కాదు.

ఈ లెక్కన తడి పట్టు అవసరం చీము పగలకముందు, పగిలాక మిగిలింది కారేదాకా ఒకటి రెండు రోజులు. అంతే. ఆ తర్వాత తడి శత్రువు. వారాల తరబడి నానిన అడుగుపలక మెత్తబడి ప్రతి గులకరాయికీ కములుతుంది, వైట్ లైన్ సందులు తెరుచుకుంటాయి, మడమ ఉబ్బులు నానిపోయి తెల్లబడతాయి. మళ్లీ చీము. తడి వద్దనేవాళ్లు చూసింది ఈ రెండో అంకాన్ని. పగిలి, కారడం ఆగిన గిట్టకు కావాల్సింది ఎండటం, గట్టిపడటం. అయోడిన్‌లో పంచదార కలిపి ముద్ద చేసి రంధ్రంలో కూరే పద్ధతి ఆ దశకు చెందింది. పంచదార తేమను పీలుస్తుంది, అయోడిన్ క్రిములను అణుస్తుంది, ఖర్చు ఎంతో కాదు.

నేల సంగతి ఎవరూ పట్టించుకోరు. పోనీల గురించి మనకు దొరికే పుస్తకాల్లో చాలావరకు ఏడాదిలో ఎక్కువ నెలలు బురదగా ఉండే పచ్చిక దేశాల నుంచి వచ్చినవే. తడి తగ్గించమని వాళ్లు అన్నేసిసార్లు చెప్పడం వాళ్ల నేలకు న్యాయం. ఏప్రిల్ నెలలో దక్కన్ పీఠభూమి మీద గిట్ట ఎండిన కొబ్బరిచిప్పకు తీసిపోదు. నానబెట్టకుండా చాకు పెడితే చాకే జారుతుంది. అదే జులైలో మాథేరాన్ కొండ మీద, ఆ ఎర్రమట్టి దారుల్లో, వాన నీళ్లలో నిలబడే పోనీకి ఇంకా నానబెట్టడం ఎందుకు? ఒకే మహారాష్ట్రలో, ఒకే ఏడాదిలో రెండు సలహాలూ నిజమే.

కట్టు కట్టే తీరులో మాత్రం ఎవరి అభిప్రాయమైనా ఒకటే కావాలి. నీటి వేడి మన చెయ్యి ఓర్చుకునేంత. పసిపిల్లల డైపరు చుట్టి, మీద వెడల్పాటి టేపు వేయడం చౌకగా బాగా పనిచేసే ఉపాయం. కానీ టేపు వెంట్రుకల అంచు దాటి పైకి బిగుతుగా వెళ్తే రక్తప్రసరణ ఆగి కొత్త పుండు పడుతుంది. రోజుకొకసారైనా విప్పి మార్చాలి. విప్పినప్పుడు వాసన, కారిన రంగు చూడాలి.

చెప్పే ప్రతి నాటువైద్యమూ పనికిమాలింది కాదని పైన అన్నాను. కొన్ని మాత్రం ఏ దశలోనూ, ఏ గిట్టకూ పనికిరావు. రంధ్రంలో కాగిన నూనె పోయడం, వాత పెట్టడం, మైలుతుత్తం పొడి నేరుగా కూరడం, ఫార్మలిన్ పోయడం. కొమ్ము వరకు వీటిని తట్టుకుంటుందేమో గానీ, తెరిచిన రంధ్రం అడుగున ఉన్నది ప్రాణమున్న పొర. అది మాడిపోతే చచ్చిన కండ మిగులుతుంది, చచ్చిన కండ మళ్లీ చీముకు ఇల్లు. వాత పెట్టాక పోనీ నడిచిందంటే వాత వల్ల కాదు, ఆ పెనుగులాటలో చీము పగిలి ఉంటుంది.

యాంటీబయాటిక్ తగువులో నేను ఒక పక్షానికి మొగ్గుతాను. మామూలు గిట్ట చీముకు అది అక్కర్లేదు. రక్తం ద్వారా వెళ్లే మందు, రక్తనాళాలు లేని చీము మడుగులోకి సరిగ్గా చేరదు. దారి తీస్తే మందు లేకుండానే తగ్గుతుంది, దారి తీయకపోతే మందు ఉన్నా తగ్గదు. మందు వేస్తే సలుపు నాలుగు రోజులు అణిగి, ఆపగానే మళ్లీ కుంటుతుందని చాలామంది డాక్టర్లు అంటారు. దానికి గట్టి రుజువులు లేకపోయినా కొట్టిపారేయలేం. అయితే జ్వరం వచ్చినా, వాపు కాలు పైకి ఎక్కుతున్నా, ఎముకో కీలో చీము బారిన పడిందని తేలినా కథ మారుతుంది. అప్పుడు యాంటీబయాటిక్ తప్పనిసరి, అదీ డాక్టరు ఎంచిన మందు, చెప్పినన్ని రోజులు. మందుల షాపులో అడిగి తెచ్చిన రెండు ఇంజక్షన్లు ఈ రెండు పరిస్థితుల్లో దేనికీ సరిపోవు.

నొప్పి మందు ఇస్తే చీము ముదరదని చెప్పి ఇవ్వనివ్వని పాతకాలపు పట్టుదల ఒకటుంది. వాపు తగ్గించే మందు చీము కదలికను కాస్త నెమ్మదింపజేస్తుందన్న వాదనలో తర్కం ఉంది, రుజువు పల్చన. ఇటువైపు లెక్క మాత్రం బరువైంది. రోజుల తరబడి ఒక కాలు ఎత్తి నిలబడే గుర్రానికి ఎదుటి కాలి మీద భారం పడి అక్కడ లామినైటిస్ రావచ్చు. మేత మానేస్తుంది, పడుకుని లేవదు. చీము ముదరడం కోసం మూగజీవిని నొప్పితో ఉంచమనడం నాకు సమ్మతం కాదు. జాగ్రత్త పడాల్సింది మోతాదు దగ్గర. గుర్రాలకు ఎక్కువగా వాడే ఫినైల్‌బ్యుటజోన్ విషయంలో పోనీలు పెద్ద గుర్రాలకన్నా సున్నితం. కడుపులో పుండ్లు, పెద్దపేగు వాపు, మూత్రపిండాల దెబ్బ వాటికి తొందరగా వస్తాయి. పక్క శాలలో గుర్రానికిచ్చిన పొట్లమే పోనీకి ఇవ్వడం, ఒక నొప్పి మందు మీద ఇంకో నొప్పి మందు వేయడం రెండూ ప్రమాదమే. ఇంకోటి, నొప్పి మందు ఇచ్చాక పోనీ నడక చూసి జబ్బు తగ్గిందని నిర్ణయించకూడదు. మందు ప్రభావం దిగిపోయిన తర్వాతి నడకే లెక్క.

మన దేశంలో దీనికి మరో కోణం ఉంది. పశువులకు డైక్లోఫెనాక్ వాడకాన్ని 2006లో నిషేధించారు. ఆ మందు పడిన పశువుల కళేబరాలు తిన్న రాబందులు మూత్రపిండాలు పాడై లక్షల్లో చచ్చిపోయాయి. 2023లో కీటోప్రొఫెన్, ఎసిక్లోఫెనాక్‌లను కూడా ఆ జాబితాలో చేర్చారు. మనుషుల కోసం అమ్మే డైక్లోఫెనాక్ సీసా చేతికందుతుంది కాబట్టి పోనీకి పొడవమనే సలహా ఇప్పటికీ వినబడుతుంది. మెలాక్సికామ్ రాబందులకు హాని చేయదని తేలింది. గుర్రాలకూ వాడతారు. డాక్టరుతో మాట్లాడేటప్పుడు దాని పేరెత్తడంలో తప్పులేదు.

ధనుర్వాతం మీద తగువే ఉండకూడదు. ఆ క్రిమి నేలలో, గుర్రపు పేడలో ఉంటుంది. గాలి ఆడని లోతైన గాయంలో పెరుగుతుంది, గిట్ట రంధ్రం అలాంటిదే. పెంపుడు జంతువుల్లో గుర్రపు జాతి దానికి లొంగినంతగా మరోటి లొంగదు. టీకా ఎప్పుడు వేశారో తెలియకపోతే వేయనట్టే భావించి, అదే రోజు డాక్టరు చేత విరుగుడు సీరమూ, టీకా కూడా వేయించాలి. మెడ, దవడ బిగిసి, కంటి మూలనుంచి మూడో రెప్ప అడ్డంగా కదలడం కనిపించాక చేయగలిగింది చాలా తక్కువ. ఆంధ్ర, తెలంగాణల్లో 1962 నంబరుకు ఫోన్ చేస్తే సంచార పశువైద్య వాహనం వస్తుంది. గుర్రాల నిపుణుడు దొరక్కపోయినా ఈ టీకా పని ఆగకూడదు.

లాడం తీయాలా వద్దా? మేకు దగ్గరే పోటు ఉంటే, అడుగు చూడాలంటే తీయాలి. కొత్త లాడం వేసిన కొద్దిరోజులకే కుంటు మొదలైతే ముందు అనుమానించాల్సింది మేకునే. నడిపించాలా, కట్టేయాలా? పగలకముందు బలవంతంగా నడిపించడం క్రూరత్వం. పగిలాక, కట్టు పొడిగా ఉండే చోట, తనంతట తను అటూ ఇటూ తిరగనివ్వడం మంచిదే.

ఇన్ని గొంతుల మధ్య యజమాని చేయగలిగింది, ఒక్కరిని సారథిగా ఎంచుకోవడం. డాక్టరు కావచ్చు, అనుభవమున్న నాల్‌బంద్ డాక్టరుతో కలిసి కావచ్చు. మిగతావాళ్ల మాటలు ఆయన చెవిన వేయొచ్చు గానీ గిట్టకు పూయకూడదు. రోజుకో మందు మార్చితే ఏది పనిచేసిందో, ఏది చెరిచిందో ఎవరికీ తెలియదు. సలహా ఇచ్చినవాణ్ని రెండు ప్రశ్నలు అడగాలి. ఇది పనిచేయకపోతే ఎన్ని రోజుల్లో తెలుస్తుంది? తప్పయితే వెనక్కి తీసుకోగలమా? తవుడు కట్టు తప్పయితే రేపు విప్పేయొచ్చు. తవ్విన గిట్టను తిరిగి పూడ్చలేం. ఈ రెంటికీ జవాబు చెప్పలేని మనిషి ఎంత పెద్దవాడైనా, ఎన్ని గుర్రాలు చూసినవాడైనా, ఆయన మందు రెండో వరసలోకి వెళ్లాలి. పక్కన ఒక నోటుపుస్తకం పెట్టుకుని ఒంటివేడి, నాడి, కాలు ఆనించిందా లేదా, కట్టులో ఏం కారింది అన్నవి రోజూ రాస్తే, మూడో రోజు డాక్టరుకు ఫోన్ చేసేటప్పుడు చెప్పడానికి మాట ఉంటుంది.

గిట్ట నెలకు దాదాపు ఒక సెంటీమీటరు పెరుగుతుంది. పైఅంచున పగిలిన చీము రంధ్రం అడ్డగీతలా మారి మెల్లగా కిందికి దిగుతుంది. ముందు భాగంలో నేల దాకా రావడానికి తొమ్మిది నెలల నుంచి ఏడాది, చిన్న గిట్టల్లో కాస్త ముందే. ఆ గీత నేలకు చేరినప్పుడు అక్కడ ముక్క ఊడటం మామూలే. కొత్త జబ్బు వచ్చిందని మళ్లీ సలహాల వేట మొదలుపెట్టనక్కర్లేదు.

ఒకసారి కాదు, రెండోసారి, మూడోసారి, వేర్వేరు గిట్టల్లో చీము పడుతుంటే మాత్రం ఏ పట్టు మంచిదన్న ప్రశ్న వదిలేయాలి. కారణం వేరే చోట ఉంది. ఇన్సులిన్ ఎక్కువైన బొద్దు పోనీ కావచ్చు. పదిహేనేళ్లు దాటి, వేసవిలోనూ రాలని పొడుగాటి బొచ్చుతో ఉంటే పిట్యూటరీ గ్రంథి జబ్బు కావచ్చు. రెంటికీ రక్తపరీక్షలున్నాయి. ఎప్పుడూ ఒకే గిట్టలో, ఒకే చోట అయితే లోపల కొమ్ము గడ్డో, ఎముక ముక్కో ఉందేమో ఎక్స్‌రేలో చూడాలి.

ఇంతసేపూ చెప్పిన దాంట్లో అందరూ ఒప్పుకునే మందు ఒకటే, విశ్రాంతి. సొంత సరదాకు పోనీని పెంచుకునేవాళ్లకు అది చేతిలో పని. గౌరీకుండ్ నుంచి కేదార్‌నాథ్‌కు సుమారు 16 కిలోమీటర్లు, తెలుగు యాత్రికులను కూడా మోసుకుంటూ ఎక్కే పోనీల, కంచరగాడిదల యజమానికి యాత్ర సాగే నెలలే ఏడాది బతుకు. హైదరాబాద్ బరాత్‌ల గుర్రానికి పెళ్లి ముహూర్తాలే పని. చీము పగలక ముందే మందేసి నడిపించమనే సలహా ఎక్కువగా పుట్టేది అక్కడ. ఆ మనిషికి విశ్రాంతి ఇవ్వమని ఉపన్యాసం చెప్పి లాభం లేదు. బ్రూక్ ఇండియా లాంటి సంస్థలు లాడాలు కొట్టేవాళ్లకు తర్ఫీదు ఇవ్వడం మీద అంత శ్రద్ధ పెట్టడం అందుకే. మేకు తప్పు చోట దిగకపోతే, పని ముగిశాక గిట్ట అడుగు గీకి రాళ్లు తీసేస్తే, ఈ జబ్బులో మంచి భాగం రాకముందే ఆగిపోతుంది. గిట్ట గీకే ఇనుప కొక్కెం ఖరీదు ఒక పూట కిరాయి కన్నా తక్కువ.